మా ఊరి కరెంటు, మా ఇంటి ఎర్తు

పోయిన ఎండాకాలం ఊరెళ్ళినప్పుడు ఇంట్లో ఒక ప్రాజెక్టు పెట్టుకున్నాను. ఇంటి వెనక భాగానికి విడిగా ఒక చిన్న ఎంసీబీ డబ్బా పెట్టించటం, మెయిన్ దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ బిగించటం. రెండు రోజుల పని అని ఎస్టిమేషన్ వేశాను. ఎనిమిది రోజులు పట్టింది. మన ఫీల్డులో వాళ్ళకి ఈ లెక్క కొత్తేం కాదు కాబట్టి ఎందుకంత పట్టిందో నెమ్మదిగా చెప్తాను. అసలెందుకు మొదలెట్టానో ముందు చెప్పాలి.

మా ఊరు నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. ఒకరోజు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ అమ్మ, "బట్టల మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటున్నది బిడ్డా" అంది. నేను కంగారు పడేలోపే, "చెప్పులేసుకోని ముడితే ఏం గాదులే" అని పరిష్కారం కూడా తనే చెప్పింది. మన పల్లెటూళ్ళలో ఎర్తింగుకి ప్రత్యామ్నాయం హవాయి చెప్పులు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

న్యూజెర్సీలో ఉండే స్నేహితుడొకడికి చెప్తే వాడు వెంటనే, "మెయిన్ ప్యానెల్లో ఒక హోల్ హౌస్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించెయ్, ఒక సబ్ ప్యానెల్ వేయించెయ్, అయిపోతుంది" అన్నాడు. వాడి ఇంట్లో బేస్‌మెంట్లో అలాగే ఉంది మరి. అమెరికా ఎలక్ట్రికల్ కోడు 2020 నుంచి ఇళ్ళకి సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి కూడా చేసింది. నేనూ సరే అనుకున్నాను. కానీ ఊరెళ్ళి డబ్బా మూత తీశాక అర్థమైంది, వాళ్ళ ఇళ్ళలో కరెంటు చరిత్ర వేరు, మన ఇళ్ళలో కరెంటు చరిత్ర వేరు అని. డబ్బాలో ఉండే ప్రతి స్విచ్చూ ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక ప్రమాదానికి జవాబుగా పుట్టిందే. మన దగ్గర జరిగిన ప్రమాదాలేంటో తెలియకుండా పక్కవాడి జవాబు తెచ్చి పెట్టుకుంటే పని జరగదు. అందుకని కాస్త వెనక్కి వెళ్దాం.

హైదరాబాద్ రాజ్యంలో విద్యుత్ శాఖ 1910 ప్రాంతంలో మొదలైంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే పవర్ హౌస్ 1920లో వచ్చింది (ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ థియేటర్ ఉన్న చోట ఉండేది). ఆ కరెంటు నగరానికి, నగరంలోనూ అందరికీ కాదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అప్పుడూ ఆ తర్వాత చాలా ఏళ్ళూ గ్యాస్ నూనె కందిళ్ళే. గ్యాస్ నూనె అంటే కిరోసిన్, ఆంధ్రా మిత్రుల కోసం. సాయుధ పోరాటం నడిచిన 1946-51 రోజుల్లో మా వైపు ఊళ్ళల్లో రాత్రిపూట వెలుగు అంటే గడీలో పెట్రోమాక్సు లైటేనని మా తాత చెప్పేవాడు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు వచ్చింది. అంతకు ముందే 1955 డిసెంబర్ 10న నెహ్రూ మా జిల్లాలోనే నందికొండ దగ్గర నాగార్జున సాగర్‌కి పునాది రాయి వేశాడు. 1967లో ఇందిరా గాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. రాతితో కట్టిన డ్యాముల్లో అంత పెద్దది ఇంకెక్కడా లేదని చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టించేవాళ్ళు. ఇక పాలమూరు లేబర్ గురించి చెప్పక్కర్లేదు. దేశంలో ఏ మూల డ్యాము కట్టినా, కాలవ తవ్వినా తట్ట మోసింది పాలమూరు జిల్లా కూలీలే. సాగర్‌లో కరెంటు తయారీ మాత్రం 1978లో మొదలై 1985 దాకా ఒక్కో యూనిట్ వస్తూ పోయింది. మొత్తం 815.6 మెగావాట్లు. ఎనిమిదింట్లో ఏడు మిషన్లు రెండు వైపులా తిరిగేవే, అంటే కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళని వెనక్కి పైకి తోడగలవు. కృష్ణకి ఎగువన శ్రీశైలం 1982లో మొదలైంది. ఎడమ గట్టు మీద, అంటే పాలమూరు వైపు, భూగర్భ పవర్ హౌస్ 2001-03 మధ్య వచ్చింది, 900 మెగావాట్లు.

అంటే లెక్క ప్రకారం ఈ రెండు జిల్లాలు కరెంటు తయారయ్యే చోటు. మరి ఇళ్ళలోకి ఎలా వచ్చింది? ఇక్కడ ఒక తమాషా ఉంది. 1997 దాకా ప్రభుత్వ లెక్కల్లో "విద్యుదీకరించిన గ్రామం" అంటే, ఆ గ్రామ రెవెన్యూ పరిధిలో ఏదో ఒక పనికి కరెంటు వాడుతుంటే చాలు. ఊరి బయట ఒక పటేల్ బావి దగ్గర ఒక్క మోటారు తిరిగితే ఊరు మొత్తానికి కరెంటు వచ్చినట్టే! కనీసం పది శాతం ఇళ్ళకి కనెక్షన్ ఉండాలి అనే నిర్వచనం 2004లో గానీ రాలేదు. డెఫినిషన్ ఆఫ్ డన్ ని మన మేనేజర్లే కనిపెట్టారు అనుకునేవాళ్ళు గమనించగలరు.

ఇది జోకులా కనిపిస్తుంది గానీ ఇప్పటి మా ఇంటి వైరింగుకీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. మా వైపు కరెంటు ముందు వెళ్ళింది బావుల దగ్గరికి. ఇళ్ళకి వచ్చింది దాని తోకలా. పేదవాళ్ళ ఇళ్ళకి ఒక్క బల్బు కనెక్షన్ ఇచ్చే కుటీర జ్యోతి పథకం 1988-89లో వచ్చింది. ఒక్క బల్బు కోసం వేసిన తీగ అది. తర్వాత దాని మీదే ఫ్యాను, దాని మీదే టీవీ, దాని మీదే మిక్సీ. మా ఇల్లూ అంతే. ముందు హాలు చెక్క బద్దీల మీద క్లిప్పులు కొట్టిన వైరింగు, ఒక నల్ల ఇనుప మెయిన్ స్విచ్చు, రెండు పింగాణీ ఫ్యూజులు. వెనక రెండు గదులు 1998లో కట్టారు. బాత్రూములూ మేడ మీద గదీ 2009లో. ఎప్పుడు ఏది కలిపినా పాత తీగ చివర గిచ్చి, మెలేసి, టేపు చుట్టి ముందుకి లాగారు. ఎవరూ మొదటి నుంచీ మళ్ళీ రాయలేదు. ఫ్యూజు తీగ తెగినప్పుడల్లా మా నాన్న ఒక పోగు బదులు రెండు పోగులు వేసేవాడు. అప్పుడది తెగేది కాదు. తెగకపోవడమే సమస్య అని తెలియడానికి నాకు ఇంజనీరింగ్ చదవాల్సొచ్చింది.

బావుల సంగతికొస్తే, 1980ల మొదట్లో వ్యవసాయ మోటార్లకి మీటర్లు తీసేసి హార్స్ పవర్ లెక్కన ఏడాదికింత అని కట్టించుకోవడం మొదలైంది. మా ఎగువ ప్రాంతాలకి సాగర్ నీళ్ళు ఎక్కవు కదా, డ్యాము కిందెక్కడో ఉంది, మేం పైన ఉన్నాం. కాబట్టి మోట బావులు పోయి మోటార్లు, బావులెండి బోర్లు, బోర్లెండి ఇంకా లోతు బోర్లు. లోతుకి పోయే కొద్దీ రాతిలోంచి ఫ్లోరైడు నీళ్ళు. నల్లగొండ ఫ్లోరోసిస్ కథ అందరికీ తెలిసిందే, నేనిక్కడ ఎత్తుకోను.

ఒక లెక్క చూడండి. ఊరి పొలాల దగ్గర ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఒక్కో ఫేజుకి దాదాపు 133 ఆంపియర్లు తీసుకోవచ్చు. ఐదు హార్స్ పవర్ మోటారు నడుస్తున్నప్పుడు ఏడు, ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. అంటే పదిహేడు, పద్దెనిమిది మోటార్లు. కానీ దాని మీద ఎప్పుడూ పాతికకి తక్కువుండేవి కావు, లెక్కలో లేనివి వేరే. పైగా ఇండక్షన్ మోటారు మొదలయ్యే క్షణంలో ఐదారు రెట్లు లాగుతుంది. త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ప్రతి రైతూ ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. రాత్రి రెండు గంటలకి కరెంటు రాగానే పాతిక మోటార్లూ ఒకేసారి లేస్తాయి. కరెంటు రావడం, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు ఎగిరిపోవడం ఒకేసారి జరిగేవి. ఫ్యూజు వేయాలంటే ఏబీ స్విచ్చు దించి గద్దె ఎక్కాలి. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్ళు ఐదారు. అందుకని రైతులే ఎక్కేవాళ్ళు. ఏబీ స్విచ్చు మూడు కత్తులూ కింద పడ్డాయా, ఒకటి అతుక్కుని ఉండిపోయిందా అనేది చీకట్లో కనపడదు. నాతో ఏడో తరగతి దాకా చదివినవాడి అన్న అలాగే పోయాడు. పొద్దున మేం బడికి పోతుంటే గద్దె దగ్గర జనం. వాడు తర్వాత బడికి రాలేదు, పొలం చూసుకోవాలి కదా.

ఇళ్ళలో దీని ప్రభావం లో ఓల్టేజీ. యాసంగి పంటకి నీళ్ళు పెట్టే రోజుల్లో సాయంత్రం ట్యూబులైటు కొట్టుకుని కొట్టుకుని ఆరిపోయేది. టీవీలో బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయి మధ్యలో పోస్టుకార్డంత అయ్యేది. రూలు ప్రకారం 1956 నాటి విద్యుత్ నియమాల్లో ఇళ్ళకిచ్చే ఓల్టేజీ ఆరు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదు అని ఉంది. మా ఇంట్లో 140 ఓల్టులు నేను కళ్ళారా చూశాను. అందుకే అమెరికా ఇళ్ళలో ఎక్కడా కనపడని ఒక వస్తువు మన ప్రతి ఇంట్లో టీవీ కింద ఉండేది, స్టెబిలైజరు. కేరళలో వి-గార్డ్ వాళ్ళు 1977లో మొదలుపెట్టింది ఈ స్టెబిలైజర్లతోనే. మన కరెంటు బాగుండి ఉంటే ఆ కంపెనీ పుట్టేదే కాదేమో.

ఇప్పుడు "హై ఓల్టేజీ" సంగతి. మా వైపు ఎవరినైనా అడగండి, "ఒకసారి హై ఓల్టేజి వచ్చి టీవీ, ఫ్యాన్లు అన్నీ కాలినయ్" అని చెప్తారు. మామూలుగా పిడుగు మీదకి తోసేస్తాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఆ రోజులు గుర్తు చేసుకుంటే చాలాసార్లు వానా లేదు, మెరుపూ లేదు. అది న్యూట్రల్ తెగడం.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులూ ఒక న్యూట్రలూ వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజూ న్యూట్రలూ ఇస్తారు, 230 ఓల్టులు. స్తంభం మీద ఆ న్యూట్రల్ తీగ జాయింటు తుప్పు పట్టి ఊడిందనుకోండి, వేరు వేరు ఫేజుల మీదున్న రెండిళ్ళు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడతాయి, 400 ఓల్టుల మధ్యలో. ఒకింట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తోంది, ఇంకోింట్లో వంద వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతోంది అనుకుందాం. ఓమ్స్ లా వేస్తే ఇస్త్రీ పెట్టె ఇంటికి 36 ఓల్టులు, బల్బు ఇంటికి 364 ఓల్టులు. అంటే ఎక్కువ వాడుకునేవాడి ఇల్లు మసకబారుతుంది, తక్కువ వాడుకునేవాడి ఇల్లు కాలుతుంది. మా ఊళ్ళో పాత టీవీ ఒక్కటే ఆస్తిగా ఉన్న ఇళ్ళలో టీవీలు ఎందుకు కాలేవో, పెద్దిళ్ళలో ఎందుకు బతికేవో ఈ లెక్క వేసేదాకా నాకు అర్థం కాలేదు. వాళ్ళ రాత అనుకునేవాళ్ళం.

విషయం ఏంటంటే, దీనికి సర్జ్ ప్రొటెక్టర్ పనికి రాదు. దానిలో ఉండేది జింక్ ఆక్సైడ్ బిళ్ళ, వేరిస్టర్ అంటారు. జపాన్‌లో మత్సుషితా కంపెనీలో 1960ల చివర్లో కనిపెట్టారు. మామూలు ఓల్టేజీ దగ్గర గోడలా ఉంటుంది, పిడుగు ధాటికి వేల ఓల్టులు వస్తే సెకనులో లక్షల వంతు సేపు తలుపు తీసి, ఆ పోటుని ఎర్తులోకి పంపించి మళ్ళీ మూసుకుంటుంది. అంత తక్కువ సేపటి కోసం చేసిన వస్తువు అది. న్యూట్రల్ తెగి 360 ఓల్టులు అరగంట సేపు నిలబడితే ఆ బిళ్ళే ఉడికిపోతుంది. దానికి కావాల్సింది ఓల్టేజీ హద్దు దాటగానే ఇంటిని లైను నుంచి విడగొట్టే రిలే. న్యూజెర్సీ స్నేహితుడు ఇది చెప్పలేదు. వాడి తప్పు కాదు. అక్కడ న్యూట్రల్ తెగడం అరుదు, వాడు పుట్టి పెరిగింది హైదరాబాదులో.

అలాగని పిడుగులు మాకు తక్కువేం కాదు. రోహిణి కార్తెకి ముందూ వెనకా, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివానలే అసలు ప్రమాదం. ఇక్కడే మా నేల సంగతి చెప్పాలి. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ అంతా గ్రానైటు మీద పరిచిన పల్చటి ఎర్ర చెలక నేల. రెండు మూడు మీటర్లు తవ్వితే రాయి. ఎండాకాలం ఆ పై మట్టి కూడా పొడి పొడి. ఎర్తు కడ్డీ ఎంత బాగా పని చేస్తుందనేది మట్టిలో తేమ మీద ఉంటుంది. తడి రేగడిలో మూడు మీటర్ల కడ్డీ పాతితే ముప్పై చిల్లర ఓమ్స్ వస్తే, ఎండిన చెలకలో అదే కడ్డీకి మూడు వందలు దాటొచ్చు. సరిగ్గా పిడుగులు పడే నెలల్లోనే ఎర్తు అత్యంత బలహీనంగా ఉంటుంది. కృష్ణా డెల్టాలో పుట్టిన ఎలక్ట్రీషియను పుస్తకం పట్టుకుని మా ఊళ్ళో పని చేయలేడు.

అమ్మ వాషింగ్ మెషీన్ కథ కూడా ఇదే. లోపల ఫేజు తీగ ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎర్తు 335 ఓమ్స్ ఉంటే పారే కరెంటు 0.7 ఆంపియరు కూడా ఉండదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది చీమ కుట్టినట్టు కూడా కాదు, పడిపోదు. బాడీ మీద 230 ఓల్టులు అలాగే కూర్చుంటాయి. అదే మనిషి ఒంట్లోంచి 0.03 ఆంపియరు దాటితే ప్రమాదం. అందుకే ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి వస్తోందా లేదా అని లెక్క చూసి, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే తెంపేసే ఆర్‌సీసీబీ కావాలి. మా నేలలో ఇది లేకుండా ఎర్తింగ్ మీద భరోసా పెట్టుకోవడం వృథా. నన్నడిగితే సర్జ్ ప్రొటెక్టర్ కన్నా ముందు కొనాల్సింది ఇది.

రాజకీయాల్లోకి పోకుండా ఈ చరిత్ర చెప్పలేం గానీ త్వరగా దాటేస్తాను. 1999 ఫిబ్రవరిలో బోర్డుని ముక్కలు చేశారు, 2000లో డిస్కంలు వచ్చాయి, మా రెండు జిల్లాలూ సెంట్రల్ డిస్కంలో పడ్డాయి. ఆ ఏడాదే చార్జీల పెంపు, ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు, ముగ్గురి మరణం. 2004 మే 14న వైఎస్ ఉచిత కరెంటు మీద మొదటి సంతకం పెట్టాడు. 2014లో రాష్ట్రం వచ్చింది. విడిపోతే చీకటే అన్నవాళ్ళున్నారు. 2017లో పాత మెదక్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల్లో ప్రయోగం చేసి 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరికి ఎంత క్రెడిట్ అనే కొట్లాట మీరు మీరు తేల్చుకోండి. మా ఇంటి డబ్బా దృష్టితో చూస్తే ముఖ్యమైనవి రెండు. ఒకటి, 2000ల నుంచి వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు తీసేసి చిన్న చిన్నవి పొలం దాకా తీసుకెళ్ళి పెట్టడం. దాంతో పొడుగాటి లో టెన్షన్ లైన్లు తగ్గాయి. రెండు, కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆటో స్టార్టర్లు పీకించడం. రెండు గంటలకి పాతిక మోటార్లు ఒకేసారి లేవడం ఆగింది. ఇప్పుడు మా ఇంట్లో ఓల్టేజీ 225 దగ్గర నిలకడగా ఉంటోంది. టీవీ కింద స్టెబిలైజరు ఇంకా ఉంది, దాని మీద అమ్మ ప్లాస్టిక్ పూల కుండీ పెట్టింది.

(పెద్ద మోటార్ల సంగతి వేరే టపా రాయాలి. కల్వకుర్తి ఎత్తిపోతల్లో ఒక్కో మోటారు 30 మెగావాట్లు, అంటే ఐదు హార్స్ పవర్ మోటార్లు ఎనిమిది వేలు కలిపినంత! సాగర్ కింద ఉండి మేం పైన ఉన్నామనే బాధకి ఇదీ జవాబు.)

ఇంకొక్క మాట చెప్పాలి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో మంటలొచ్చి తొమ్మిది మంది చనిపోయారు. డ్యూటీలో ఉన్న ఇంజనీర్లు కూడా ఉన్నారు వాళ్ళలో. మా అత్తగారి ఊరు అచ్చంపేట వైపే, ఆ రెండు రోజులూ అక్కడ ఎవరి నోట విన్నా అదే మాట.

ఇక పని సంగతి. ఎలక్ట్రీషియన్ అన్న మా ఊరి వాడే, ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని. ఎర్త్ టెస్టరు పట్నం నుంచి నేను తెచ్చుకున్నాను. ఆయన మాత్రం ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూసి, "ఎలుగుతున్నది గద తమ్మీ, ఎర్తు మంచిగనే ఉన్నది" అన్నాడు. వెలిగింది గానీ పసుప్పచ్చగా, నీరసంగా. టెస్టరు 290 ఓమ్స్ చూపించింది. వంద వాట్ల బల్బు నిరోధమే ఐదు వందలు పైన, దాంతో సిరీస్‌లో 290 పెట్టినా ఏదో ఒకటి వెలుగుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, "పాత బోరు కేసింగుకు కడ్తుంటిమి ఎనకట" అన్నాడు. నవ్వబోయి ఆగాను. పదిహేను మీటర్ల ఇనుప పైపు, కింద తేమ ఉన్న రాతి పొర దాకా దిగి ఉంది. లెక్కేస్తే మూడు మీటర్ల కడ్డీ కన్నా ఐదు రెట్లు మంచి ఎర్తు! ఎండిపోయిన ఆ బోరు మా పెరట్లోనే ఉంది, దాన్నుంచి నీళ్ళ పైపు ఏదీ పోవట్లేదు. దానికి ఒక కొత్త కడ్డీ కూడా కలిపి పాతితే 38కి దిగింది. ముప్పై ఏళ్ళ అనుభవం ముందు నా టెస్టరు తల దించుకుంది, కొంచెమే.

తర్వాత మెయిన్ డబ్బా. ఓల్టేజీ రిలే, సర్జ్ ప్రొటెక్టర్, ఆర్‌సీసీబీ, ఎంసీబీలు. అన్న సర్జ్ ప్రొటెక్టర్ తీగని అందంగా రెండు చుట్లు చుట్టి మడిచి బిగించాడు. విప్పించాను. మీటరు తీగకి దాదాపు ఒక మైక్రో హెన్రీ ఇండక్టెన్సు ఉంటుంది. పది వేల ఆంపియర్లు ఎనిమిది మైక్రో సెకన్లలో లేస్తే ఆ ఒక్క మీటరు తీగ మీదే 1250 ఓల్టులు నిలబడతాయి. ప్రొటెక్టర్ ఎంత ఖరీదైనా తీగ పొడుగైతే దండగ. అర మీటరు లోపు నిటారుగా వేయించాను. అందం పోయిందని అన్న బాధపడ్డాడు. డిష్ టీవీ కేబులు తొడుగుని కూడా అదే ఎర్తుకి కలిపాం. ఇంట్లో రెండు ఎర్తులుంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య తేడా అంతా టీవీలోంచే పోతుంది.

వెనక భాగం డబ్బాకి మెయిన్ నుంచి ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడు వేరు వేరు తీగలు. అక్కడ న్యూట్రల్ పట్టీ, ఎర్తు పట్టీ కలవకూడదు. నాలుగో రోజు సాయంత్రానికి అంతా అయింది. ఆన్ చేశాం. ఆర్‌సీసీబీ టప్పున పడింది. మళ్ళీ ఎత్తాం, మళ్ళీ పడింది. ఇక మిగిలిన నాలుగు రోజులు బగ్ వెతకడమే. ఒక్కో సర్క్యూటు విప్పి చూస్తూ పోతే చివరికి తేలింది, బర్రెల కొట్టం లైటు. కొట్టానికి ఒక్క తీగే పోతోంది. రెండోది లేదు. బల్బు రెండో కొస కొట్టం మూలన మట్టిలో దిగ్గొట్టిన ఇనుప గూటానికి కట్టి ఉంది.

నాన్నని అడిగితే తేలిగ్గా చెప్పాడు. "అప్పుడు న్యూట్రల్ వైరు తెగింది. నలభై గజాల వైరంటే మాటలా? ఎర్తు మీద ఎలుగుతదని లైన్‌మన్ జెప్పిండు. మీటరు దిరిగింది, నేనేం దొంగతనం జెయ్యలే." నిజమే, మీటరు తిరిగి ఉంటుంది. 1990ల్లో ఎప్పుడో పెట్టింది, బల్బులు మారుతూ ఎల్ఈడీ దాకా వచ్చాయి గానీ ఆ గూటం అలాగే ఉంది.

నేను కాగితం తీసి లెక్కేశాను. అరవై వాట్ల బల్బు, గూటం నాలుగు వందల ఓమ్స్ అనుకుంటే ఆ గూటం మీద దాదాపు డెబ్భై ఓల్టులు. చుట్టూ తడి మట్టి. నాకప్పుడు గుర్తొచ్చింది, చిన్నప్పుడు మా బర్రె ఒకటి ఆ మూలకి అస్సలు పోయేది కాదు. తాడు పట్టి లాగినా నాలుగు కాళ్ళు బిగబట్టి నిలబడేది. నాయనమ్మ గాలి సోకిందని మిరపకాయలు దిష్టి తీసింది, వేపమండలు కట్టింది. చివరికి మొండి బర్రె అని దేవరకొండ అంగట్లో తక్కువ ధరకి అమ్మేశారు. ఆ లెక్క నాన్నకి చూపించాను. కాగితం వంక చాలాసేపు చూసి, "పాపం, మంచి పాలిచ్చే బర్రె" అన్నాడు.

ఎనిమిదో రోజు కొట్టం దాకా మూడు తీగలూ పైపులో వేయించి గూటం పీకేశాం. కొట్టంలో ఇప్పుడు బర్రెల్లేవు, పాత సామాను ఉంది. అయినా అక్కడ లైటు ఉండాలని నాన్న పట్టుబట్టాడు, ఉంది. అమ్మ మాత్రం వాషింగ్ మెషీన్ దగ్గరికి ఇంకా చెప్పులేసుకునే వెళ్తోంది. వేసుకోనీ అని ఊరుకున్నాను.